ముందు దీనికి జవాబు చెప్పు



మార్కాపురం, గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం వైపు వార్తల పేజీ ఏ ఏడాదిది తీసి చూసినా ఒక జంట పదం కంటపడుతుంది: ఆరోపణలు, ప్రత్యారోపణలు. ఒక పార్టీ నాయకుడు పొద్దున విలేకరులను పిలుస్తాడు. సాయంత్రానికి ఎగస్పార్టీ నాయకుడు పిలుస్తాడు. మర్నాడు రెండు వార్తలూ పక్కపక్కనే అచ్చవుతాయి. జనం మాటల్లో దీన్ని దుమ్మెత్తిపోసుకోవడం అంటారు, బురద చల్లుకోవడం అంటారు. పేరు ఏదైనా జరిగేది ఒకటే. ఇతను అతని మీద తప్పు మోపుతాడు, అతను జవాబు చెప్పకుండా తిరిగి ఇతని మీద మోపుతాడు. ఈ ప్రసంగం ఆ రెండో పని గురించి. అది ఎప్పుడు న్యాయమవుతుంది, ఎప్పుడు ఎగవేత అవుతుంది అన్న విషయం గురించి.

ఆరోపణ సంస్కృత పదం. ఎక్కడం, మొలవడం అనే అర్థాలున్న రుహ్ ధాతువు నుంచి వచ్చింది. ఆరోహణ అంటే ఎక్కడం, ఆరోపణ అంటే ఎక్కించడం. వింటికి నారి ఎక్కించడం కూడా ఆరోపణమే. అలంకార శాస్త్రంలో ముఖాన్ని చంద్రుడే అన్నప్పుడు చంద్రత్వాన్ని ముఖం మీద ఆరోపించారు అంటారు. వేదాంతులు తాడు మీద పామును చూడటాన్ని అధ్యారోపం అన్నారు. అంటే ఈ మాటలో మొదటినుంచీ ఒక హెచ్చరిక ఉంది: ఎక్కించినది అక్కడ నిజంగా ఉండవచ్చు, ఉండకపోవచ్చు. అందుకే పత్రికల వాళ్ళు రుజువు కాని మాటను ఆరోపణ అంటారు. కోర్టు కాగితాల మీదికి ఎక్కి, సెక్షను తగిలాక దాన్ని అభియోగం అంటారు. ఈ తేడా పాటించే విలేకరి తన పాఠకుడికి మేలు చేస్తున్నాడు.

తెలుగులో దీని చుట్టూ ఇంకా చాలా మాటలున్నాయి. నింద వేరు, నెపం వేరు. నింద పరువును తాకుతుంది. నెపం పనిని తాకుతుంది; చేయాల్సిన పని చేయనివాడు కారణాన్ని ఇంకొకరి మీదికి నెట్టడానికి వాడుకునేది నెపం. చేయని తప్పు మెడకు చుట్టుకుంటే నీలాపనింద అంటారు. వినాయక చవితినాడు ఇంటింటా చెప్పుకునే శమంతకమణి కథ దాని గురించే. ఆ కథలో కృష్ణుడి నడవడి గమనించదగ్గది. సత్రాజిత్తు తన మీద హత్య, దొంగతనం మోపితే కృష్ణుడు తిరిగి సత్రాజిత్తు మీద ఏదీ మోపలేదు. అడవికి వెళ్ళాడు, జాడలు పట్టుకున్నాడు, మణి తెచ్చి సభలో ఇచ్చాడు. మోపిన మాటకు సమాధానంగా సాక్ష్యం తెచ్చాడు.

ఇప్పుడు పశ్చిమ ప్రకాశానికి వద్దాం. ఈ నేల మీద ఆరోపణ, ప్రత్యారోపణ అనే మాటలకు మూడు దశాబ్దాలుగా పెద్ద చిరునామా వెలిగొండ.

ప్రాజెక్టు పూర్తి పేరు పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు. ఎర్రగొండపాలెం నుంచి శాసనసభకు వెళ్ళిన కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు దానికి పెట్టారు. శ్రీశైలం జలాశయం వెనక కొల్లంవాగు దగ్గర కృష్ణ వరద నీటిని తీసుకుని, నల్లమల కొండ కింద రెండు సొరంగాల గుండా ఇటువైపు తేవాలన్నది ఆలోచన. ఒక్కో సొరంగం పొడవు సుమారు 18.8 కిలోమీటర్లు. మొదటిదాని వ్యాసం 7 మీటర్లు, రెండోదానిది 9.2 మీటర్లు. మొదటిది 3,000 క్యూసెక్కులు, రెండోది 8,500 క్యూసెక్కులు మోయాలి. పెద్దారవీడు మండలం సుంకేసుల, మార్కాపురం మండలం గొట్టిపడియ, అర్ధవీడు మండలం కాకర్ల దగ్గర కొండల మధ్య ఉన్న ఖాళీలను ఆనకట్టలతో మూస్తే నల్లమలసాగర్ ఏర్పడుతుంది. దాని నిల్వ సామర్థ్యం 53.85 టీఎంసీలు. తేదలచిన నీరు 43.5 టీఎంసీలు. ప్రకాశం, నెల్లూరు, కడప ఉమ్మడి జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, 30 మండలాల్లో 15.25 లక్షల మందికి తాగునీరు లక్ష్యం. బోరు నీళ్ళలో ఫ్లోరైడుతో పళ్ళు, ఎముకలు పాడైన ఊళ్ళకు ఈ లెక్కల్లో తాగునీటి అంకె అన్నిటికంటే పెద్దది.

శంకుస్థాపన 1996లో జరిగింది. ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు. 2004 తర్వాత వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం జలయజ్ఞం కింద పనులు చేపట్టింది. మొదటి సొరంగం తవ్వకం 2021 జనవరిలో, రెండోది 2024 జనవరిలో పూర్తయింది. 2024 మార్చి 6న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి జంట సొరంగాలను జాతికి అంకితం చేశారు. ఈ తేదీల మీద తగాదా లేదు. తగాదా అంతా వాటి అర్థం మీద.

ఒక పక్షం అంటుంది: రాయి వేసింది మేము, మీరు పూర్తికాని ప్రాజెక్టును ఎన్నికల ముందు అంకితం చేశారు, సొరంగాల నీటిని జలాశయానికి చేర్చే ఫీడర్ కాలువ పనులు మిగిలే ఉన్నాయి, ముంపు జనానికి పునరావాసం ఇవ్వలేదు. రెండో పక్షం అంటుంది: మీరు ఎన్నికల కోసం రాయి వేసి మరచిపోయారు, పనులు మొదలుపెట్టింది మేము, సొరంగాలు ముగించింది మేము, మీ అయిదేళ్ళలో తవ్వింది ఎంత? శాసనసభలో ఇదే, దోర్నాల రోడ్డు మీద టీ బంకు దగ్గర ఇదే. రెండు పక్షాలు చెప్పేదాంట్లోనూ నిజం పాళ్ళు ఉన్నాయి. చిక్కంతా అక్కడే. ఎదుటివాడి మాటలో కొంత నిజం ఉన్నందువల్ల తన మీద వచ్చిన ప్రశ్న పోదు. కానీ సభలో అది పోయినట్టే కనిపిస్తుంది. పలక మీద ఒకడు వేసిన లెక్కను సగంలో తుడిచి ఇంకొకడు తన లెక్క వేసినట్టు, ప్రశ్న మారిపోతుంది, మొదటి మొత్తం ఎంతన్నది తేలదు.

2021 జులైలో ఇంకో అంకం నడిచింది. కృష్ణా, గోదావరి నదీ యాజమాన్య బోర్డుల పరిధి మీద కేంద్రం గెజిట్ ఇచ్చింది. అనుమతులున్న ప్రాజెక్టుల్లో వెలిగొండ పేరు కనిపించలేదు. 2014 పునర్విభజన చట్టం పదకొండో షెడ్యూలులో మాత్రం హంద్రీ-నీవా, తెలుగుగంగ, గాలేరు-నగరి, కల్వకుర్తి, నెట్టెంపాడులతో పాటు వెలిగొండ పేరు ఉంది. చట్టంలో ఉన్న పేరు గెజిట్‌లో ఎందుకు లేదన్నది సూటి ప్రశ్న. కాగితాలు చూపి తేల్చదగిన ప్రశ్న. అది కూడా మీ చేతగానితనం అంటే మీ చేతగానితనం అన్న మాటల్లో కూరుకుపోయింది. పక్క రాష్ట్రం అభ్యంతరాలు వేరు. రాష్ట్రం లోపల ఒకే జిల్లా నాయకులు ఒకే ప్రాజెక్టు కోసం ఒకే ఉత్తరం మీద సంతకం పెట్టలేకపోవడం వేరు. రెండోది ఎక్కువ బాధపెడుతుంది.

ఎదురు మోపడం అనే అలవాటును మన పాత న్యాయశాస్త్రం బాగా ఎరుగును. యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారాధ్యాయంలో దీనికి ప్రత్యేక నియమమే ఉంది. తన మీద వచ్చిన అభియోగం నుంచి ముందు బయటపడాలి. బయటపడకుండా ఎదుటివాడి మీద ప్రత్యభియోగం తేకూడదు. పన్నెండో శతాబ్దం ప్రాంతంలో కల్యాణి చాళుక్యుల ఆస్థానంలో విజ్ఞానేశ్వరుడు ఆ స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాశాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన కాలపు కవి కేతన ఆ మితాక్షరను విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. నెల్లూరు సీమ కవులు కావ్యాలతో ఆగకుండా న్యాయశాస్త్రాన్ని తెలుగు చేయడం మనం మరచిపోకూడని సంగతి.

ఆ శాస్త్రం ప్రతివాది చెప్పదగిన జవాబులు నాలుగే అంటుంది. నిజమే, చేశాను అని ఒప్పుకోవడం ఒకటి. దాని పేరు సంప్రతిపత్తి. చేయలేదు అనడం రెండోది, మిథ్య. చేశాను గాని దానికి ఈ కారణం ఉంది అనడం మూడోది, ప్రత్యవస్కందనం. అప్పు తీసుకున్నాను, తీర్చేశాను అనడం వంటిది. ఇది ఇంతకుముందే తీర్పయిపోయింది అనడం నాలుగోది, ప్రాఙ్న్యాయం. నువ్వు మాత్రం చేయలేదా అన్నది ఈ నాలుగింట్లో లేదు. వెయ్యేళ్ళ కిందటి ఈ పట్టికను ఇవాళ్టి ఏ విలేకరుల సమావేశం పక్కనైనా పెట్టి చూడవచ్చు. నాయకుడు చెప్పింది ఒప్పుకోలా, కాదనడమా, కారణమా, పాత తీర్పా? ఏదీ కాకపోతే అతను ఇంకా జవాబు చెప్పలేదన్నమాట.

ఆ నియమానికి ఒక మినహాయింపు ఉంది, అది చాలా తెలివైనది. కొట్లాటల్లో, దౌర్జన్యాల్లో ప్రత్యభియోగం చేయవచ్చు. ఎందుకంటే ఎవరు ముందు చేయి ఎత్తారన్నది అక్కడ నేరం బరువును మారుస్తుంది. ఇద్దరూ తిట్టుకున్నా, కొట్టుకున్నా ఇద్దరిదీ తప్పే. మొదలుపెట్టినవాడి శిక్ష ఎక్కువ అంటుంది నారద స్మృతి. కాబట్టి ఎదురు ఆరోపణ అంతా చెడ్డది కాదు. అదే ఘటన గురించి అయితే, ఆ ఘటనను ఇంకా పూర్తిగా చూపిస్తే, అది సాక్ష్యం. వేరే ఘటనను తెచ్చి దీని మీద కప్పితే, అది ఎగవేత.

ఊళ్ళలో పొలం గట్టు తగాదా ముదిరి తలలు పగిలిన రాత్రి ఇదంతా కళ్ళముందే జరుగుతుంది. ఒకడు స్టేషనులో కాగితం పెడతాడు. గంటలో రెండోవాడు ఇంకో కాగితం పెడతాడు. జనం భాషలో కేసుకు కౌంటర్ కేసు. ఒకే ఘటన మీద రెండో ఎఫ్ఐఆర్ కుదరదని సుప్రీంకోర్టు 2001లో టి.టి. ఆంటోనీ కేసులో చెప్పాక, దెబ్బలు తిన్న రెండోవాడి గతేమిటన్న సందేహం వచ్చింది. ఎదుటి పక్షం తన కథనంతో ఇచ్చే ఫిర్యాదుకు ఆ నిషేధం వర్తించదని 2004లో ఉప్కార్ సింగ్ కేసులో అదే కోర్టు తేల్చింది. అంతకుముందే, 1990లో నాథీలాల్ కేసులో, ఇలాంటి జంట కేసులను ఎలా విచారించాలో చెప్పింది. రెండింటినీ ఒకే జడ్జి వినాలి. ఒకదాని వాదనలు ముగిశాక తీర్పు ఆపి ఉంచి, రెండోది వినాలి. తర్వాత రెండు తీర్పులూ ఒకదాని వెంట ఒకటి ఇవ్వాలి. ఒక కేసు సాక్ష్యాన్ని రెండో కేసులోకి లాగకూడదు. ఎవడి తప్పు వాడి కాగితాల మీదే తేలాలి. ఆరోపణలు ఎంత కలగలిసినా విచారణ కలగలవకూడదన్న ఈ పద్ధతి ఎంతో గౌరవించదగ్గది.

కానీ ఎన్ని కౌంటర్ కేసులు అంత దూరం వెళతాయి? చాలా చోట్ల రెండో కేసు పెట్టేది తీర్పు కోసం కాదు, రాజీ కోసం. నువ్వు తీసుకుంటే నేను తీసుకుంటా. పెద్దమనుషులు కూర్చోబెడతారు, రెండు కేసులూ ఒకే రోజు వీగిపోతాయి. కక్ష చల్లారితే అది మంచిదే. అయితే గట్టు ఎవరు జరిపారన్నది ఎవరూ తేల్చలేదు కనుక, వచ్చే వానకు అదే గట్టు దగ్గర మళ్ళీ మొదలు.

సివిల్ కోర్టు ఈ విషయంలో ఇంకా కచ్చితంగా ఉంటుంది. ప్రతివాదికి తనదంటూ హక్కు ఉంటే కౌంటర్ క్లెయిమ్ వేసుకోవచ్చు; 1976 సవరణ ఆ దారి ఇచ్చింది. దాన్ని మాత్రం విడి దావాలాగే చూస్తారు. దాన్ని వేసినందువల్ల అసలు దావాకు జవాబు చెప్పే బాధ్యత తీరదు. జవాబులో వాది చెప్పిన ప్రతి సంగతినీ విడివిడిగా కాదనాలి. డొంకతిరుగుడుగా కాదంటే కుదరదు. సూటిగా కాదననిది ఒప్పుకున్నట్టే లెక్క. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఎనిమిదో ఆర్డరులోని ఈ నిబంధన శాసనసభకు కూడా ఉంటే ఎంత బాగుండును!

ప్రపంచంలో ఇదే ప్రశ్న తలెత్తిన అతి పెద్ద సభ, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నాజీ నాయకులను విచారించిన న్యూరెంబర్గ్ న్యాయస్థానం. జర్మన్ నౌకాదళాధిపతి డోనిట్జ్ మీద జలాంతర్గామి యుద్ధ నియమాలు ఉల్లంఘించాడన్న అభియోగం కూడా ఉంది. మీరూ అదే చేశారు అని అరిస్తే అక్కడ చెల్లదు. ఆయన న్యాయవాది క్రాంజ్‌బ్యూలర్ అరవలేదు. అమెరికన్ అడ్మిరల్ నిమిట్జ్ నుంచి ప్రమాణపూర్వకంగా రాతపూర్వక సమాధానాలు తెప్పించి కోర్టు ముందు పెట్టాడు: పసిఫిక్‌లో అమెరికా కూడా మొదటి రోజునుంచీ అలాగే పోరాడిందని. 1946 తీర్పులో డోనిట్జ్‌కు వేరే నేరాల మీద పదేళ్ళ శిక్ష పడింది. జలాంతర్గాముల ఉల్లంఘనను శిక్ష లెక్కలోకి తీసుకోలేదని న్యాయస్థానం చెప్పింది. యాజ్ఞవల్క్యుడి మినహాయింపు లాంటిదే ఇదీ. అదే రకం పని, అదే యుద్ధం, పైగా కాగితం మీద సాక్ష్యం. వీటిలో ఒక్కటి తగ్గినా అది కోర్టులో నిలిచేది కాదు.

మార్కాపురానికి తిరిగి వస్తే, వెలిగొండ ఒక్కటే కాదు. ప్రభుత్వ వైద్య కళాశాల సంగతి చూడండి. గత ప్రభుత్వం 17 కొత్త వైద్య కళాశాలలు తలపెట్టింది. మార్కాపురం అందులో ఒకటి. 2023లో తరగతులు మొదలైన అయిదింట్లో ఇది లేదు. 2025లో కొత్త ప్రభుత్వం మిగిలినవాటిలో పదింటిని ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో నడపాలని నిర్ణయించినప్పుడు మార్కాపురం ఆ జాబితాలోకి వచ్చింది. పేదవాడి వైద్యాన్ని ప్రైవేటుకు అమ్మేస్తున్నారని ఒక పక్షం. గోడలు కూడా లేపకుండా కళాశాల కట్టామని చెప్పుకున్నారని రెండో పక్షం. ఇక్కడ రెండు విడి ప్రశ్నలున్నాయి. కట్టడం ఎందుకు ఆలస్యమైంది? భాగస్వామ్యం వస్తే తర్లుపాడు నుంచి వచ్చిన కూలీకి ఓపీ చీటీ, స్కానింగు, మంచం ఏ ధరకు దొరుకుతాయి? మొదటిదానికి పాత ప్రభుత్వం, రెండోదానికి కొత్త ప్రభుత్వం జవాబుదారీ. ఒకదాన్ని రెండోదానికి జవాబుగా వాడుతున్నంతకాలం కూలీకి రెండూ తెలియవు.

జిల్లా కోరిక కథ కూడా ఇలాగే నడిచింది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడే దాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. 2022 ఏప్రిల్‌లో 26 జిల్లాలు చేసినప్పుడు మార్కాపురం పేరు రాలేదు. మీరు అడగలేదు, మీరు ఇవ్వలేదు అన్న మాటలు మూడేళ్ళు వినిపించాయి. 2025 చివర మార్కాపురం కేంద్రంగా జిల్లా వచ్చింది. ఈ విషయంలో మాటలు ఆగడానికి కారణం ఒక పక్షం వాదనలో గెలవడం కాదు. కావలసిన పని జరగడమే.

ఊరి పంచాయితీల్లో పెద్దమనిషి వాడే ఒక వాక్యం ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. తప్పు చేసినవాడు లేచి, మరి అప్పుడు వాడేం చేశాడో అడగండి అని మొదలుపెట్టగానే, పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి, అది తర్వాత చూద్దాం, ముందు దీనికి జవాబు చెప్పు అంటాడు. యాజ్ఞవల్క్యుడి నియమం ఇంతకంటే తేలిక తెలుగులోకి రాదు. విలేకరుల సమావేశంలో ఆ పెద్దమనిషి కుర్చీ విలేకరిది. ఎదురుదాడికి దిగారు అని శీర్షిక పెట్టే ముందు, అడిగిన దానికి ఏం చెప్పారని అడగడం అతని పని. చెప్పకపోతే, చెప్పలేదు అని రాయడం కూడా అతని పనే. రెండు పక్షాలకూ చెరి సగం చోటు ఇస్తే నిష్పక్షపాతం తీరిపోదు.

ఈ మాటల వెనక మనుషులున్నారు. నల్లమలసాగర్‌లో మునిగే ఊళ్ళు పదకొండు. సుంకేసుల, గుండంచర్ల, కలనూతల, గొట్టిపడియ, లక్ష్మీపురం, సాయినగర్, కృష్ణానగర్ వాటిలో కొన్ని. తండాలు కూడా ఉన్నాయి. అక్కడి కుటుంబాలు వేలల్లో. వాళ్ళు అడిగేవి పార్టీల ప్రశ్నలు కావు. పద్దెనిమిదేళ్ళు నిండిన పిల్లలను విడి కుటుంబంగా లెక్కించే తేదీ ఏది? ఇంటి పరిహారం ఏ ఏడాది ధర మీద? పునరావాస కాలనీలో నీళ్ళు, బడి, శ్మశానం ఎప్పటికి? ఇల్లు కూలుతుందన్న లెక్కతో మరమ్మతు చేయించుకోలేక, కొత్త ఇల్లు చేతికి రాక, ఒక తరం పిల్లలు ఆ ఊళ్ళలో పెద్దవాళ్ళయ్యారు. సొరంగం ఎవరు తవ్వారన్న గొడవ ఎటు తేలినా వాళ్ళ మూడు ప్రశ్నలకు అది జవాబు కాదు.

ఆ ప్రశ్నలు కాగితం మీద అడిగే హక్కు 2005 సమాచార హక్కు చట్టం ఇచ్చింది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయంలో అడిగితే ఫీజు లేదు, మండల స్థాయిలో అయిదు రూపాయలు, ఆ పైన పది రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి ఎక్కడా ఫీజు లేదు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే సమాచార కమిషన్. దరఖాస్తులో ఎవరిది తప్పు అని అడిగితే అధికారి జవాబు చెప్పనక్కరలేదు. అది సమాచారం కాదు, అభిప్రాయం. ఫీడర్ కాలువలో ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు దాకా పని మిగిలింది, ఏ ఏడాది బడ్జెట్లో ఎంత కేటాయించారు, అందులో ఎంత ఖర్చు పెట్టారు, ఫలానా ఊరిలో ఎంతమందికి పరిహారం జమ అయింది, ఎంతమందికి కాలేదు, ఏ కారణంతో కాలేదు అని అడిగితే చెప్పి తీరాలి.